ఎల్ కింద చుక్క ఉంటే అది ళ నా, ఌ నా, ఇంకేదన్నానా?

తిరుపతి నుంచి రేణిగుంట, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తి పోతా ఉంటే దారిలో ఇంగ్లీషు బోర్డుల మీద ఆ ఊరి పేరు ఒక్కోచోట ఒక్కోరకంగా కనిపిస్తది, ఒకచోట శ్రీ విడిగా, ఇంకోచోట కలిపి, పాత కాగితాల్లో అయితే ఒట్టి కాళహస్తి అనే. ఒక్క విషయంలో మాత్రం బోర్డులన్నీ ఒకటే, ళ ఉండాల్సిన చోట మామూలు ఎల్ ఉంటది. అదే పేరు శాసనాల మీద రాసిన పుస్తకంలోనో, పీహెచ్‌డీ థీసిస్‌లోనో, పెద్ద లైబ్రరీ క్యాటలాగ్‌లోనో చూస్తే ఆ ఎల్ కింద చిన్న చుక్క ఉంటది. కొందరు దాన్ని అచ్చులో పడిన మచ్చ అనుకుంటారు. తెలుగు వాళ్లు ళ అని చదువుతారు, సంస్కృతం చదివినోళ్లు కాదు అది ఌ అనే అచ్చు అంటారు. ఇద్దరి మాటా కరెక్టే, తిప్పలంతా అక్కడే వచ్చింది.

క్లుప్తంగా

ఎల్ కింద చుక్క అనే అక్షరానికి సొంత శబ్దం అంటూ లేదు, ఏ పట్టిక ప్రకారం రాశారు అన్నదాన్ని బట్టి శబ్దం మారతది. సంస్కృతాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేదానికి వాడే ఐఏఎస్‌టీ పద్ధతిలో అది ఌ. భారతీయ లిపులన్నిటికీ కలిపి 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 అనే అంతర్జాతీయ ప్రమాణంలో అది ళ. స్పెయిన్‌లో అస్తూరియన్‌కి, పసిఫిక్‌లో మార్షల్ దీవుల భాషకి పోతే మళ్లీ వేరే శబ్దాలు. తెలుగు పేర్లు రాసేదానికి ఐఎస్ఓ పద్ధతే మేలు, ఎందుకంటే తెలుగులో ఌ దాదాపు రానే రాదు, ళ లేని పేజీ దొరకదు.

చుక్క తీసేస్తే పోయేది ఏంది

ల పలికేటప్పుడు నాలుక కొన పై పళ్ల వెనక తగులుతది, ళ పలకాలంటే నాలుకని వెనక్కి మడిచి అంగిలికి తగిలించాలి. తేడా చిన్నదే అనిపిస్తది గానీ అర్థం మాత్రం మొత్తం మారిపోతది, కల వేరు కళ వేరు, గోల వేరు గోళం వేరు. తిరుమలకి సంబంధించిన మాటే ఒకటి తీసుకుంటే, దర్శన వేళలు అనే మాటని చుక్కల్లేని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే దాన్ని దర్శన వేలలు అని కూడా చదవొచ్చు, వేళ అంటే టైము, వేల అంటే లెక్క. తెలుగు వచ్చినోళ్లు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. కానీ ఆ అక్షరాల్ని తిరిగి తెలుగులోకి మార్చే సాఫ్ట్‌వేర్‌కి, వేరే రాష్ట్రం నుంచి వచ్చి బోర్డు చదివే యాత్రికుడికి ఆ సాయం ఉండదు.

పైగా తెలుగులో ళ వ్యాకరణం పని కూడా చేస్తది. కాలు ఒకటైతే ల, రెండైతే కాళ్లు. వేలు వేళ్లు, ఇల్లు ఇళ్లు, ఊరు ఊళ్లు, ఇట్ల ఏకవచనంలో లేని ళ బహువచనంలో వచ్చి కూర్చుంటది. అంటే ఆ చుక్క పోతే పోయేది యాస కాదు, మాట కట్టుబడిలో ఒక ముక్క.

చిత్తూరు పక్క ఈ సమస్య ఇంకా గట్టిగా ఉంటది, ఎందుకంటే ఇక్కడ రెండు భాషల ఊర్లు ఒకే బస్సు రూట్లో వస్తాయి. మదనపల్లెలో ఉన్న పల్లె రెండు ల లతో రాసేది. బోర్డర్ దాటి తమిళనాడులోకి పోతే పళ్ళిపట్టు వస్తది, అందులో ఉండేవి రెండు ళ లు. రెండు పేర్లలోనూ ఇంగ్లీషులో రెండు ఎల్‌లే. తిరువళ్ళూరులో తమిళం ప్రకారం రెండు ళ లు, ఇంగ్లీషులో రెండు ఎల్‌లు. వేలూరులో తమిళం ప్రకారం ఉన్నది ఒక్కటే ల, అయినా ఇంగ్లీషులో దానికీ రెండు ఎల్‌లు పెట్టారు, ముందున్న ఏ దీర్ఘాన్ని మింగేశారు. బ్రిటిష్ కాలంలో చెవికి ఎట్ల వినబడితే అట్ల రాసిన స్పెల్లింగులు ఇవన్నీ, రెండు ఎల్‌లు ఉంటే ఏం శబ్దమో చెప్పే రూలు వాటిలో లేదు.

ఈ గజిబిజి సరిచేద్దామని 2020లో తమిళనాడు ప్రభుత్వం 1018 ఊర్ల ఇంగ్లీషు స్పెల్లింగులు తమిళ ఉచ్చారణకి తగ్గట్టు మారుస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వేలూరు స్పెల్లింగ్ వి తర్వాత రెండు ఇ (e) లు, ఎల్ తర్వాత రెండు ఓ లతో వచ్చింది, అది చూసిన జనం వీలూర్ అని చదివారు. విమర్శలు వచ్చేసరికి కొద్ది రోజుల్లోనే ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. కారణం పైకి కనిపించేదే. 26 అక్షరాలతోనే అన్ని శబ్దాలూ చూపించాలంటే అక్షరాల్ని జంటలుగా పెట్టాలి, ఆ జంటలకి ఇంగ్లీషులో అప్పటికే వేరే శబ్దాలు అలవాటై ఉంటాయి. అక్షరం మీదో కిందో గుర్తు పెట్టే పద్ధతి పుట్టిందే ఈ ఇబ్బంది తప్పించుకునేదానికి.

ఖాళీ సీట్లో ఌ ఎట్ల కూర్చుంది

ఇప్పుడు అసలు పీటముడి. యూరప్ పండితులు సంస్కృతాన్ని రోమన్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాసుకుంటా ఉంటే, 1894లో జెనీవాలో జరిగిన ఓరియంటలిస్టుల కాంగ్రెస్‌లో ఉమ్మడి పద్ధతి ఒకటి సిఫార్సు చేశారు. ఇవాళ ఐఏఎస్‌టీ అని పిలిచేది దాని నుంచి ఎదిగిందే. అందులో మూర్ధన్యాలకి, అంటే నాలుక మడిచి పలికే ట, డ, ణ, ష లకి మామూలు అక్షరం కింద చుక్క పెడతారు. ఆ లెక్కన నాలుక మడిచి పలికే ళ కి కూడా ఎల్ కింద చుక్కే రావాలి కదా. రాలేదు, ఎందుకంటే పాణిని సంస్కృతంలో ళ లేదు. లేని అక్షరానికి గుర్తు ఎవరు దాచిపెడతారు. ఆ చుక్క ఎల్ ఖాళీగానే ఉంది కాబట్టి దాన్ని ఌ అనే అచ్చుకి ఇచ్చేశారు, ఋ కి ఆర్ కింద చుక్క పెట్టినట్టే.

ఈ ఌ ఎంత అరుదైందంటే, సంస్కృతంలో దాదాపు ఒకే ఒక్క ధాతువులో, కౢప్ అనే దాంట్లో కనిపిస్తది. పైన సారాంశానికి క్లుప్తంగా అని హెడ్డింగ్ ఉంది చూడండి, ఆ మాట దాని నుంచి వచ్చిందే, సంస్కృతంలో కౢప్తం, తెలుగు నోట్లో పడి క్లుప్తం అయింది. తెలుగులోకి వచ్చేసరికి అందులో ఌ కూడా పోయి మామూలు లు అయిపోయింది. అంటే ఐఏఎస్‌టీని ఉన్నదున్నట్టు తెలుగుకి వాడితే, తెలుగులో లేని అచ్చుకి చుక్క ఎల్ రిజర్వ్ చేసి, ప్రతి వాక్యంలో వచ్చే ళ ని బయట నిలబెట్టినట్టు అవుతది.

సంస్కృతంలో ళ లేదు అన్నది కూడా పూర్తిగా నిజం కాదు, వేదంలో ఉంది. ఋగ్వేదం మొదలయ్యేదే అగ్నిమీళే పురోహితం అని. ఈడ్ అనే ధాతువులోని డ రెండు అచ్చుల మధ్య పడితే ఋగ్వేదంలో ళ అవుతది. తిరుపతిలో వేదపాఠశాలల పక్కన ఉండేవాళ్లకి ఈ ళ రోజూ చెవిన పడేదే. దాన్ని రోమన్‌లో రాయాల్సి వచ్చినప్పుడు, అంటే గ్రంథం రెండో మాట దగ్గరే, చుక్క ఎల్ అప్పటికే ఌ కి పోయి ఉంది. దాంతో కొందరు ఎల్ కింద గీత పెట్టారు, ఇంకొందరు చదివేవాళ్లకి తెలుస్తదిలే అని చుక్కే పెట్టారు. పాళీ భాషకి ఈ తలనొప్పి రాలేదు, అందులో ఌ లేదు, ళ ఉంది, కాబట్టి పాళీ పుస్తకాల్లో చుక్క ఎల్ అంటే ళ మాత్రమే, ఆ భాష పేరులోనే కొందరు ఆ చుక్క పెడతారు.

2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 ఈ ముడిని చక్కగానే విప్పింది. ఋ కి ఆర్ కింద, ఌ కి ఎల్ కింద చుక్క తీసేసి చిన్న సున్నా పెట్టింది, ఖాళీ అయిన చుక్క ఎల్‌ని ళ కి ఇచ్చింది. తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం, మరాఠీ అన్నిట్లో ళ ఉంది కాబట్టి ఇదే న్యాయమైన పంపకం. ఇబ్బంది ఎక్కడంటే పాత పుస్తకాలు మారవు, సంస్కృత విభాగాల్లో ఇప్పటికీ ఐఏఎస్‌టీనే అలవాటు. తిరుపతి లాంటి ఊర్లో ఒక పక్క జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, ఇంకో పక్క తెలుగు, తమిళ, చరిత్ర విభాగాలున్న ఎస్వీ యూనివర్సిటీ ఉన్నప్పుడు, ఒకే కాగితం మీద ఈ రెండు పద్ధతులూ కలిసే అవకాశం వేరే ఊర్ల కన్నా ఎక్కువే.

చుక్క వేరు, గీత వేరు

తమిళం పక్కనే ఉంది కాబట్టి ఇంకో అక్షరం కూడా చెప్పుకోవాలి. తమిళంలో ల, ళ కాకుండా మూడోది ఉంది, తమిళులు తమ భాష పేరు చెప్పేటప్పుడు చివర పలికేది, ఇంగ్లీషులో జెడ్ హెచ్ కలిపి రాస్తా ఉంటారు. ఐఎస్ఓలో దానికి ఎల్ కింద చుక్క కాదు, అడ్డ గీత. చిన్న అచ్చులో ఈ గీతకీ చుక్కకీ తేడా చూడ్డం కష్టం, ఫోటోకాపీ తీసిన పేజీలో అయితే మరీ.

ఈ శబ్దం ఒకప్పుడు తెలుగులోనూ ఉండేది, తొలినాటి తెలుగు శాసనాల్లో దానికి సొంత అక్షరం ఉంది, ఴ. కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దీన్ని 2014లో చేర్చారు, పాత ఫోన్లలో చదివేవాళ్లకి ఇక్కడ డబ్బా కనిపించొచ్చు. తర్వాత్తర్వాత తెలుగులో ఆ శబ్దం పోయి, చాలా మాటల్లో డ అయింది. తమిళంలో కోఴి, తెలుగులో కోడి. తమిళంలో ఏఴు, తెలుగులో ఏడు. చిత్తూరు సంతలో పక్కపక్కన నిలబడి బేరమాడే ఇద్దరి నోట్లో ఈ రెండు రూపాలూ ఇప్పటికీ వినొచ్చు. తమిళం నుంచి పేర్లుగా వచ్చిన వాటిలో మాత్రం డ కాకుండా ళ వచ్చింది, చోఴ అనేది చోళ, ఆఴ్వార్ అనేది ఆళ్వార్. కాబట్టి ఆళ్వార్ పేరు రోమన్‌లో రాసేటప్పుడు తమిళ మూలం నుంచి రాస్తే గీత, తెలుగు రూపం నుంచి రాస్తే చుక్క, రెండూ తప్పు కాదు. ఒకే వ్యాసంలో రెండూ కలిపితేనే చదివేవాళ్లు అవి ఇద్దరు మనుషులేమో అనుకుంటారు.

వేరే దేశాల్లో ఇదే అక్షరం

స్పెయిన్ ఉత్తరాన అస్తూరియాస్ అనే ప్రాంతం ఉంది. అక్కడి భాషలో తోడేలు, చంద్రుడు లాంటి మాటలు రెండు ఎల్‌లతో మొదలవుతాయి, దాన్ని మామూలుగా ల్య లాగా పలుకుతారు. పడమటి వైపు ఊర్లలో మాత్రం అదే చోట ఊరిని బట్టి ట్స లాగో, చ లాగో, కొన్నిచోట్ల నాలుక మడిచిన డ కి దగ్గరగానో పలుకుతారు. ఆ ఉచ్చారణని చూపించేదానికి రెండు ఎల్‌ల కిందా చెరో చుక్క పెడతారు. అంటే అక్కడ చుక్క ఉన్నంత మాత్రాన ళ అనుకోకూడదు, అసలు ల జాతి శబ్దమే కాదు. ఫాంట్ లేనప్పుడు వాళ్లు చేసే పని బాగుంటది, రెండు ఎల్‌ల మధ్య ఒక ఫుల్‌స్టాప్ పెట్టి టైప్ చేసేస్తారు, చదివేవాళ్లకి అర్థమైపోతది.

మార్షల్ దీవుల కథ వేరు. అక్కడి వర్ణమాలలో రెండు రకాల ల లున్నాయి, ఒకటి తేలిక, ఇంకోటి నాలుక వెనక భాగం ఎత్తి బరువుగా పలికేది. బరువు దానికి ప్రభుత్వ వర్ణమాలలో ఎల్ కింద సెడిల్లా అనే చిన్న కొక్కెం పెట్టారు. కానీ కంప్యూటర్ ఫాంట్లలో ఆ కొక్కెం ఎల్‌ని అప్పటికే లాత్వియా భాష కోసం గీసేశారు, లాత్వియా వాళ్లకి కావాల్సింది కామా ఆకారం, కాబట్టి మార్షల్ వాళ్ల అక్షరాలకీ కింద కామా వచ్చి పడింది. దాంతో వాళ్ల ఆన్‌లైన్ డిక్షనరీలో కొక్కెం వదిలేసి కింద చుక్కకి మారారు. ఆ దేశం పేరు వాళ్ల భాషలో రాస్తే చివరి అక్షరం ఈ చుక్క ఎల్లే. ఒక భాష రాత ఇంకో భాష కోసం గీసిన ఫాంట్ వల్ల మారిపోయింది, సొంత లిపి ఉన్న తెలుగు వాళ్లకి ఇంత దూరం రాలేదు.

అరబీలో కూడా బరువు ల ఉంది, అల్లాహ్ అనే మాటలో వినబడేది, భాషాశాస్త్రం పుస్తకాల్లో దాన్ని చుక్క ఎల్‌తో చూపిస్తారు. ఇక మిగతా అక్షరాల కింద చుక్క సంగతికి వస్తే వియత్నామీస్‌లో అచ్చు కింద చుక్క ఒక స్వరస్థాయి, ఆఫ్రికాలో మాట్లాడే యోరుబాలో ఎస్ కింద చుక్క పెడితే ష.

కంప్యూటర్ లోపల ఏం జరుగుతది

యూనికోడ్‌లో చిన్న చుక్క ఎల్ నంబర్ 1ఈ37, పెద్దది 1ఈ36. వర్డ్‌లో 1ఈ37 అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే అక్షరం వచ్చేస్తది. ఇంకో దారి కూడా ఉంది, మామూలు ఎల్ కొట్టి దాని తర్వాత కింద చుక్క అనే విడి గుర్తు, నంబర్ 0323, పెట్టొచ్చు. కంటికి రెండూ ఒకటే. కంప్యూటర్‌కి మాత్రం ఒకటి ఒక అక్షరం, ఇంకోటి రెండు, సాఫ్ట్‌వేర్ ఈ రెండిటినీ ఒకటే అని సర్దుకుంటే సరే, సర్దుకోకపోతే ఒకే ఊరి పేరు ఇండెక్స్‌లో రెండు చోట్ల వస్తది, వెతికితే సగం పేజీలే దొరుకుతాయి. ఐఎస్ఓ ఌ కోసం ఎల్ కింద సున్నాకి అయితే రెడీమేడ్ నంబరే లేదు, విడిగా 0325 పెట్టాల్సిందే, చాలా ఫాంట్లలో ఆ సున్నా పక్కకి జరిగి పోతది.

థీసిస్ ప్రింట్ తీసే చోట ఈ తేడా కళ్లకి కట్టినట్టు కనిపిస్తది. ల్యాప్‌టాప్‌లో ఒక ఫాంట్‌లో నీట్‌గా ఉన్న ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో డీటీపీ సెంటర్‌కి తీసుకుపోయి తెరుస్తారు, అక్కడి సిస్టమ్‌లో ఆ ఫాంట్ ఉండదు. వర్డ్ తనకి దొరికిన ఫాంట్‌తో నింపుకుంటది, ఆ ఫాంట్‌లో మామూలు అక్షరాలన్నీ ఉంటాయి గానీ చుక్క ఎల్ ఉండదు, దాన్ని మాత్రం మూడో ఫాంట్ నుంచి తెస్తది. అప్పుడు శ్రీకాళహస్తి అనే మాటలో మిగతా అక్షరాలన్నీ ఒక తీరు, మధ్యలో ఆ ఒక్క ఎల్ కొంచెం లావుగా, కొంచెం పొడుగ్గా, పక్కింటి నుంచి అరువు తెచ్చినట్టు నిలబడి ఉంటది. యూనికోడ్‌కి ముందు కాలం ఫాంట్లతో కొట్టిన ఫైళ్లయితే ఇంకా ఘోరం, అక్షరం ఉండాల్సిన చోట ఏదో వేరే సింబల్ వచ్చి కూర్చుంటది. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్‌ని అందులోనే ఎంబెడ్ చేసి తీసుకుపోతే ఈ గొడవ చాలావరకు తప్పిపోతది.

పాత పుస్తకాల్ని స్కాన్ చేసినప్పుడు జరిగేది దీనికి రివర్స్. స్కాన్ బొమ్మలోంచి అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ కింద చుక్కని మరక అనుకుని వదిలేస్తది, ళ లన్నీ ల లైపోతాయి. ఒక్కసారి అట్ల పోయిన చుక్కల్ని మళ్లీ పెట్టాలంటే తెలుగు, తమిళం తెలిసిన మనిషి ఒక్కో మాటా చూసుకుంటా పోవాల్సిందే, వేరే షార్ట్‌కట్ లేదు.

ఇంటర్నెట్ తొలిరోజుల్లో తెలుగు వాళ్లు చుక్కల జోలికే పోకుండా ఒక ఉపాయం చేసుకున్నారు. అమెరికాలో రైస్ యూనివర్సిటీ దగ్గర పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. టైపింగ్‌కి ఇది బ్రహ్మాండం, ఇప్పటికీ చాలామంది వేళ్లకి ఇదే అలవాటు. అచ్చుకి మాత్రం పనికిరాదు, పేరు మొదట పెద్ద అక్షరం పెట్టాలన్నా, హెడ్డింగ్ మొత్తం పెద్ద అక్షరాల్లో రాయాలన్నా ల, ళ కలిసిపోతాయి. అందుకే టైపింగ్ ఆర్‌టీఎస్‌లో చేసుకుని, అచ్చుకి ఇచ్చే ముందు అక్షరముఖ లాంటి కన్వర్టర్‌లో ఐఎస్ఓకి మార్చుకోవడం తేలికైన దారి.

పాస్‌పోర్టు, వెబ్ అడ్రసు

ఇంటిపేరులో ళ ఉన్నోళ్లు పాస్‌పోర్టులో చుక్క పెట్టించుకోవచ్చా అనేది కొందరికి వచ్చే డౌటు. పాస్‌పోర్టు కింద మెషీన్ చదివే రెండు లైన్లలో అంతర్జాతీయ రూలు ప్రకారం ఎ నుంచి జెడ్ దాకా ఒట్టి అక్షరాలు, అంకెలు, ఖాళీ నింపే ఒక గుర్తు మాత్రమే ఉండాలి. ఏ దేశం వాళ్లదైనా చుక్కలూ గీతలూ అక్కడ రాలిపోతాయి. కాబట్టి సర్టిఫికెట్లన్నిట్లో ఒకే స్పెల్లింగ్ ఉందా లేదా అని చూసుకోవడమే అక్కడ పనికొచ్చేది.

వెబ్ అడ్రసుల్లో మాత్రం చుక్క వల్ల ప్రమాదం ఉంది. 2003 నుంచి డొమైన్ పేర్లలో ఇంగ్లీషు కాని అక్షరాలకి కూడా దారి ఏర్పడింది. 2018లో బైనాన్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ పేరుతో దొంగ సైట్ పెట్టినోళ్లు ఆ పేరులోని రెండు ఎన్‌ల కింద చుక్కలున్న అక్షరాలు వాడారు, స్క్రీన్ మీద దుమ్ము పడిందేమో అనుకునేంత చిన్నవి, లాగిన్ అయినోళ్ల పాస్‌వర్డులు పోయాయి. ఎల్ కింద చుక్కతోనూ ఇదే మోసం చేయొచ్చు. తిరుమల దర్శనం, గదుల బుకింగ్ పేరుతో నకిలీ సైట్లు వస్తున్నాయని టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది, వాటికి చుక్కలు కూడా అక్కర్లేదు, ఒక అక్షరం అటూ ఇటూ మారిస్తే చాలు, కాబట్టి చుక్క ఉన్న అడ్రసు అయితే ఇంకెంత జాగ్రత్తగా చూడాలో చెప్పనక్కర్లేదు. అనుమానం వచ్చిన అక్షరాల్ని బ్రౌజర్ చాలాసార్లు ఎక్స్ ఎన్ అని మొదలయ్యే పిచ్చి అక్షరాల వరసగా మార్చి చూపిస్తది. అట్ల కనిపిస్తే డబ్బు కట్టకుండా ఆగిపోవాలి.

చేతిలో ఉన్న పుస్తకం ఏ పట్టికదో తెలుసుకోవాలంటే

ముందుమాట పక్కన లిప్యంతరీకరణ పట్టిక ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే రెండు పేర్లు వెతకాలి, తిరుపతి గురించి రాసిన ఏ పుస్తకంలోనైనా రెండూ తప్పకుండా దొరుకుతాయి. ఒకటి వేంకటేశ్వర. సంస్కృతంలో ఏ ఎప్పుడూ దీర్ఘమే కాబట్టి ఐఏఎస్‌టీలో ఇంగ్లీషు ఇ (e) మీద గీత పెట్టరు. తెలుగులో ఎ, ఏ రెండూ ఉన్నాయి కాబట్టి ఐఎస్ఓలో తెలుగు రాసేటప్పుడు గీత పెడతారు. రెండోది కృష్ణదేవరాయలు. కృ లోని ఆర్ కింద సున్నా ఉంటే ఐఎస్ఓ, చుక్క ఉంటే ఐఏఎస్‌టీ. ఇ మీద గీత, ఆర్ కింద సున్నా రెండూ కనిపిస్తే ఆ పుస్తకంలో ఎల్ కింద చుక్కని కళ్లు మూసుకుని ళ అని చదువుకోవచ్చు.

ఇ మీద గీత ఉండి ఆర్ కింద చుక్క ఉంటే అది కలగలుపు పద్ధతి, దక్షిణాది భాషల మీద రాసేవాళ్లు చాలామంది వాడేది ఇదే, ఋ కి పాత చుక్క ఉంచేసి ఎల్ చుక్కని మాత్రం ళ కి ఇచ్చేస్తారు. అందులోనూ చుక్క ఎల్ ళ నే. ఇక గీతా లేక, సున్నా లేక, క తర్వాత చుక్క ఎల్, దాని వెంటనే ప, త వచ్చిందంటే అది ఌ.